చూపు వేరు, గుర్తింపు వేరు – ఇబ్నుల్ హైసమ్ జీవితం

పండుగ నమాజు ముగిసి ఈద్‌గాహ్ నుంచి జనం బయటికి వస్తుంటారు. అందరి తలలపై టోపీలే, దాదాపు అందరివీ తెల్లని దుస్తులే. అయినా నాలుగేళ్ళ పిల్లవాడు అంత జనంలో తన అబ్బాను చూడగానే పరుగెత్తుకెళ్ళి చేయి పట్టుకుంటాడు. కన్ను అతనికి అందించింది కాస్త వెలుగు, కొన్ని రంగులు మాత్రమే. మరి ఈయనే అబ్బా అని చెప్పిందెవరు? అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలలో చూపు ఎంత గొప్పదో మనం తరచూ చెప్పుకుంటాం. చూసినదాన్ని గుర్తుపట్టే శక్తి గురించి మాత్రం ఎప్పుడో గాని ఆలోచించం. వెయ్యేళ్ళ క్రితం కైరో నగరంలో ఒక విద్వాంసుడు ఈ ప్రశ్ననే పట్టుకుని ఏళ్ళ తరబడి శ్రమించారు. ఆయన పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్.

ఆయన సుమారు హిజ్రీ 354లో, అంటే క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాఖ్‌లోని బస్రాలో జన్మించారు. గణితం, ఖగోళం, తర్కం క్షుణ్ణంగా చదివారు. నైలు నది ఒక ఏడు ముంచెత్తడం, మరో ఏడు ఎండగట్టడం గురించి విని, తాను ఈజిప్టులో ఉంటే దానికి ఏదైనా ఉపాయం చేసి ఉండేవాడినని ఆయన ఒకసారి అన్నారట. ఆ మాట ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ చెవిన పడింది. పాలకుడు ఆయన్ని పిలిపించాడు, కైరో బయటికి ఎదురు వచ్చి మరీ స్వాగతం పలికాడు, పనివాళ్ళను ఇచ్చి నది వెంట దక్షిణానికి పంపాడు.

దారి పొడవునా ఇబ్నుల్ హైసమ్‌కు ప్రాచీన ఈజిప్టువారి కట్టడాలు కనిపించాయి. వాటి కొలతల్లోని నేర్పు చూసి ఆయన ఆలోచనలో పడ్డారు. ఇంతటి విద్య తెలిసినవారు, వీలుండి ఉంటే ఈ నదిని ఎందుకు అదుపు చేయలేదు? అస్వాన్ దగ్గరి రాతి జలపాతాలను స్వయంగా చూశాక అనుమానం తీరిపోయింది. తాను ఊహించింది ఆనాటి సాధనాలతో సాధ్యం కాదు. (అదే అస్వాన్ వద్ద 1902లో ఒక ఆనకట్ట, 1970లో మరింత పెద్ద ఆనకట్ట పూర్తయ్యాయి.) ఆయన తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. రాజు ముందు అలా ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ పాలకుడు ఎప్పుడు ఎవరిని శిక్షిస్తాడో ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాత జరిగింది చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశారు. పాలకుడు ఇచ్చిన ఉద్యోగంలో ఉండలేక, వదలనూ లేక ఇబ్నుల్ హైసమ్ పిచ్చివాడిలా నటించారట. ఆస్తిని స్వాధీనం చేసుకుని ఆయన్ని ఇంట్లో కట్టడి చేశారట. హిజ్రీ 411 (క్రీ.శ. 1021)లో అల్ హాకిమ్ కథ ముగిశాకే ఆయన తిరిగి మామూలు మనిషయ్యారట. ఇబ్నుల్ ఖిఫ్తీ ఆయన తర్వాత రెండు శతాబ్దాలకు చెందినవారు, కాబట్టి ఇందులో ప్రతి వివరాన్నీ అక్షర సత్యంగా తీసుకోనక్కరలేదు. ఆయన గొప్ప గ్రంథాన్ని ఈ నిర్బంధంలోనే రాశారని కొందరు చెబుతుంటారు. ఆ గ్రంథాన్ని పరిష్కరించిన అబ్దుల్ హమీద్ సబ్రా మాత్రం దాని రచనా కాలం 1028 - 1038 మధ్య అని అంచనా వేశారు.

విడుదలయ్యాక ఆయన అల్ అజ్‌హర్ మస్జిద్ వాకిట ఒక చిన్న గదిలో ఉన్నారు. మళ్ళీ ఏ దర్బారు గడపా తొక్కలేదు. ఏటా యూక్లిడ్ రేఖాగణితాన్ని, టాలెమీ అల్ మజిస్తీని, మరికొన్ని గణిత గ్రంథాలను చేతితో నకలు రాసి 150 దీనార్లకు అమ్మేవారు. ఏడాదంతా ఆ సొమ్ముతోనే గడిపేవారు. మిగిలిన సమయం పరిశోధనకే. ఖిబ్లా దిశను లెక్కగట్టే పద్ధతిపై కూడా ఆయన ఒక రచన చేశారు.

ఆయన ముఖ్య గ్రంథం కితాబుల్ మనాజిర్. ఏడు భాగాలు. కంటిలోంచి కిరణాలు బయటికి వెళ్ళి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటివారు చెప్పేవారు. ఇబ్నుల్ హైసమ్ ఒప్పుకోలేదు. తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొచ్చుకుంటుంది. కాసేపు అలాగే చూసి చీకటి వైపు తిరిగితే ఆ వెలుగు ఆకారం కంటిముందు నిలిచే ఉంటుంది. అంటే బయటి నుంచే ఏదో లోపలికి వస్తోందన్న మాట.

ఈ సంగతి చాలామంది రాశారు. మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది రెండవ భాగం. కన్ను సూటిగా గ్రహించేది వెలుగును, రంగునే అంటారాయన. దూరం, పరిమాణం, ఆకారం, కదలిక, నునుపు, నీడ, అందం ఇలా చూపుకు తెలిసే విషయాలు మొత్తం 22 లెక్కపెట్టి, వాటిలో మిగిలినవన్నీ మనసు పోల్చుకుని, లెక్కగట్టి తేల్చుకునేవేనని చూపారు. అలవాటు వల్ల ఆ పని రెప్పపాటులో జరిగిపోతుంది, జరిగినట్టే మనకు తెలియదు. పిల్లవాడి ముందు రెండు ఆపిల్ పళ్ళు పెట్టండి, ఒకటి చక్కనిది, రెండోది కానిది. వాడు చక్కనిదే తీసుకుంటాడు. రెంటినీ పోల్చాడు, తీర్పూ చెప్పాడు, కాని పోల్చడమంటే ఏమిటో వాడికి తెలియదు. ఈ ఉదాహరణ ఆయనదే. చదువొచ్చిన మనిషి 'అబ్జద్' అన్న మాటను అక్షరం అక్షరం కూడబలుక్కోడు, చూడగానే తెలుసుకుంటాడు అన్నదీ ఆయనదే. ఖాయిదా చదివే రోజుల్లో అలిఫ్, బా అంటూ తడుముకున్న మన పిల్లలు కొన్నాళ్ళకు గడగడా తిలావత్ చేయడం మనం చూస్తూనే ఉన్నాం కదా!

ముఖాల విషయమూ అంతే. ఒక మనిషిని చూడటం వేరు, ఇతను ఫలానా అని గుర్తుపట్టడం వేరు. ఇప్పుడు కనిపించే రూపాన్ని జ్ఞాపకంలో నిలిచిన రూపంతో మనసు పోల్చాలి. జ్ఞాపకం లేకపోతే కన్ను ఎంత చురుకైనదైనా గుర్తింపు లేదు. పదే పదే చూసినకొద్దీ ఆ రూపం గట్టిపడుతుంది. అప్పుడు మనసుకు పూర్తిగా చూడాల్సిన పని కూడా ఉండదు, ఒకటి రెండు గుర్తులు చాలు.

చిక్కు అక్కడే ఉంది. గుర్తు సరిపోతే చాలనుకున్న మనసు, దూరం నుంచి కంచర గాడిదను గుర్రమనుకుంటుంది, పరాయివాణ్ణి తెలిసినవాడనుకుంటుంది. మూడవ భాగమంతా ఆయన ఇటువంటి పొరపాట్ల మీదే రాశారు. క్షణంలో చూసింది నమ్మదగినది కాదని, నిదానంగా, మంచి వెలుగులో, తగిన దూరం నుంచి, తగినంత సేపు చూడాలని వివరించారు. గ్రంథాల విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. ఎంత పెద్ద పండితుడు రాసినా పరీక్షించాలి, పరీక్షించే తనను తాను కూడా అనుమానించుకోవాలి అన్నారు. టాలెమీని అలాగే విమర్శించారు.

ఆయనకు రెండు శతాబ్దాలకు పైగా ముందు అదే బస్రాలో జరిగినట్టు చెప్పే ఒక సంఘటన ఇక్కడ గుర్తొస్తోంది. వృద్ధులైన హజ్రత్ అనస్ (రజి) నెలవంకను చూస్తున్నానని వేలు చూపారు, పక్కనున్న ఎవరికీ కనిపించలేదు. తెలివికి పేరుమోసిన ఇయాస్ ఇబ్ను ముఆవియా ఆయన కనుబొమ నుంచి వంగిన తెల్ల వెంట్రుకను సున్నితంగా సరిచేసి మళ్ళీ చూడమన్నారు. ఈసారి నెలవంక లేదు. ఆ సహాబీ నిజాయితీని ఎవరు శంకించగలరు? చూసిన మాట నిజమే, చూసింది నెలవంక కాదు. ఈ రోజుల్లో అమెరికాలో ఏళ్ళ తరబడి జైల్లో మగ్గి డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషులుగా తేలినవారి కేసుల్లో సగానికి పైగా, సాక్షులు వేరే మనిషిని నేరస్థుడిగా పొరపడి చూపినవే. వారిలో చాలామంది అబద్ధమాడాలనుకున్నవారు కాదు. వీధిలో ఎవరినో చూశామని ఒక ఇంటి పరువు గురించి మాట్లాడేవారు కాస్త ఆగి ఈ లెక్క చూడాలి.

నేటి శాస్త్రవేత్తలు ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే చోటును మెదడు అడుగు భాగంలో కనుగొన్నారు, 1997లో దాన్ని స్పష్టంగా వివరించారు. ఆ ప్రాంతం దెబ్బతిన్న కొందరు కన్నూ ముక్కూ అన్నీ చూస్తారు, కట్టుకున్న భార్యను సైతం గొంతు విన్నాకే గుర్తుపడతారు. మతిమరుపు వ్యాధి ముదిరిన అమ్మీ కన్నకొడుకును ఎవరు బాబూ అని అడిగితే, ఆమె కళ్ళలో లోపం లేదు, ఆమె ప్రేమలోనూ లేదు. పోల్చుకోవలసిన రూపం చెదిరిపోయింది.

అయితే ఇబ్నుల్ హైసమ్ చెప్పినవన్నీ నిలిచాయని చెప్పడం ఆయన పద్ధతికే విరుద్ధం. చూపు కంటి కటకం దగ్గరే మొదలవుతుందని ఆయన భావించారు. వెనుక ఉండే రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ చూపారు. ఆ కెప్లర్ చదివిన పుస్తకాల్లో ఇబ్నుల్ హైసమ్ గ్రంథపు లాటిన్ అనువాదం ఉంది, అది 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. ముస్లిం ప్రపంచంలో కమాలుద్దీన్ అల్ ఫారిసీ దానికి విపులమైన వ్యాఖ్య రాశారు.

ఆయన సుమారు హిజ్రీ 430లో (క్రీ.శ. 1040 ప్రాంతంలో) కైరోలో మరణించారు. బతుకంతా ఇతరుల గ్రంథాలకు నకళ్ళు రాసిన ఆ చేతి నుంచి వచ్చిన కితాబుల్ మనాజిర్‌ను హిజ్రీ 476లో బస్రాలో ఆయన అల్లుడు నకలు రాశారు. ఆ ప్రతిలోని భాగాలు ఇస్తాంబుల్‌లో ఉన్నాయి.