నల్ల మెట్లు, తెల్ల మెట్లు

మన మందిరాల్లో హార్మోనియం వాయించేవారికి తెలిసిన సంగతే. తెల్ల మెట్ల మీదే ఒక రాగం పలికించవచ్చు, నల్ల మెట్ల మీదే మరొకటి పలికించవచ్చు. పాట నిండుగా రావాలంటే మాత్రం రెండూ కావాలి. ఈ పోలికనే పియానోకు అన్వయించి, నల్లవారూ తెల్లవారూ కలిసి పనిచేయాలని దేశదేశాల్లో బోధించిన దైవజనుడు జేమ్స్ ఎమ్మన్ క్వెగిర్ ఆగ్రే. పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశంలో అచిమోటా విద్యాలయం చిహ్నంలో కనిపించేవి ఆ మెట్లే. ఆయన ఆ దేశపు చదువుకు ఇచ్చినది ఆ పోలిక ఒక్కటే అనుకునేవారున్నారు. మేమలా అనుకోవడం లేదు.

ఆగ్రే 1875 అక్టోబరు 18న అనోమబు అనే సముద్రతీర పట్టణంలో జన్మించారు. ఘానాను అప్పట్లో గోల్డ్‌కోస్ట్ అనేవారు. ఒకప్పుడు బానిసలను ఓడలకెక్కించిన కోట ఆ ఊళ్లోనే ఉంది. తండ్రి స్థానిక రాజు తరఫున మాట్లాడే పెద్దమనిషి. కుమారుడు కేప్‌కోస్ట్‌లోని మెథడిస్టు బడిలో చదువుకుని, బాప్తిస్మం పొంది, మీసాలు రాని వయసులోనే పల్లె పంతులయ్యారు. 1898లో అమెరికా వెళ్లి, నల్లజాతి మెథడిస్టులు నడిపే లివింగ్‌స్టన్ కళాశాలలో చదివి, అక్కడే బోధకులయ్యారు. 1903లో అభిషేకం పొందారు. తర్వాతి కాలంలో పాఠాలు చెబుతూనే రెండు చిన్న పల్లె సంఘాలకు కాపరిగానూ ఉన్నారు. ఇల్లు, భార్యాపిల్లలు, ఉద్యోగం, సంఘం అన్నీ అక్కడే కుదిరాయి. తిరిగి వెళ్లాల్సిన అవసరం పైకి చూస్తే ఏమీ లేదు.

స్వదేశంలో బడులు లేకపోలేదు. 1766 నుండి 1816లో కన్నుమూసే వరకు ఫిలిప్ క్వాకే అనే ఆఫ్రికన్ గురువు కేప్‌కోస్ట్ కోటలో పిల్లలకు అక్షరాలు నేర్పారు. 1828లో బాసెల్ మిషన్ వారు, 1835లో వెస్లియన్ వారు వచ్చారు. మన పల్లెల్లో మిషన్ బడి ఎలా మొదలైందో ఎరిగిన పెద్దలకు ఇది కొత్త కథ కాదు. అయితే ఆ బడులు ఎక్కువగా తీరప్రాంతంలోనే ఉండిపోయాయి. ఉత్తరాదికి చదువు చేరలేదు, ఆడపిల్లలు బహు కొద్దిమంది. చదివినవాడికి గుమాస్తా కొలువు దొరికితే అదే గొప్ప.

1920లో ఫెల్ప్స్-స్టోక్స్ నిధి ఆఫ్రికాలో విద్యను పరిశీలించడానికి ఒక బృందాన్ని పంపింది. అందులో ఏకైక నల్లజాతి సభ్యుడు ఆగ్రే. ఇరవై రెండేళ్ల తర్వాత సొంత గడ్డ మీద కాలు పెట్టారు. తెల్లవారితో సమానంగా బస, భోజనం దొరకని చోట్లు ఆ ప్రయాణాల్లో తక్కువేమీ కాదు. ఆయన అవమానాన్ని దిగమింగి సభలో మళ్లీ అదే మెట్ల పోలిక చెప్పేవారు. ఇది మరీ మెతకతనమని ఆనాడే కొందరు నల్లజాతి నాయకులు విమర్శించారు. ఆ విమర్శలో పస లేదని మేమనలేము.

అప్పటి గవర్నరు గుగ్గిస్‌బర్గ్ విద్యకు పదహారు సూత్రాలు రాసుకున్నాడు. మాతృభాషకు చోటు, బాలురతో సమానంగా బాలికలకు అవకాశం, గురువులకు మంచి శిక్షణ వాటిలో ఉన్నాయి. 1925లో విద్యాచట్టం వచ్చింది. శిశుతరగతి నుండి పైచదువు దాకా ఒకేచోట ఉండే విద్యాలయాన్ని అక్రా దగ్గర అచిమోటాలో తలపెట్టారు. పారిపోయి వచ్చిన బానిసలు ఒకప్పుడు తలదాచుకున్న అడవి అది. అక్కడ ఎవరి పేరూ పలకకూడదన్న అర్థం మీదే ఆ స్థలానికి ఆ పేరు వచ్చిందంటారు. శ్రీలంకలోని కాండీలో ఎన్నో ఏళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఫ్రేజర్ దీనికి అధిపతి. 1919-20లో మన దేశపు గ్రామ విద్య మీద మిషన్లు వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు కూడా ఈయనే. ఆయనకు సహాయంగా 1924లో ఆగ్రే వచ్చారు.

అసలు పని అప్పుడు మొదలైంది. చదువుకున్న ఆఫ్రికన్లకే అచిమోటా మీద నమ్మకం లేదు. మాతృభాషలో పాఠాలు, వడ్రంగం, తోటపని అనగానే, మా పిల్లలను శాశ్వతంగా కింద ఉంచడానికే ఈ ఎత్తు అని వారు భయపడ్డారు. పరాయి పాలనలో బతికిన జాతికి ఆ భయం సహజం. ఇటు తెల్ల అధికారుల్లోనూ ఇంత డబ్బు ఎందుకని సణిగినవారున్నారు. నెహెమ్యా రాజు దగ్గర గిన్నె అందించే ఉద్యోగం చేస్తూ, ఆ రాజు ఇచ్చిన తాకీదులతోనే యెరూషలేము గుమ్మాలకు మ్రాను సంపాదించాడు. సన్బల్లటు ఎగతాళి ఒకవైపు, సొంత జనుల మొర ఇంకొకవైపు. ఆగ్రే స్థితి అంతే. ఆయన ఊళ్లు తిరిగి, పెద్దలతో కూర్చుని, వారి భాషలోనే మాట్లాడి, ఇంగ్లిషూ లెక్కలూ ఎక్కడికీ పోవని, చేతిపని వాటికి తోడేనని నచ్చజెప్పారు. గవర్నరు సంతకం చేయలేని పని ఇది.

ఆడపిల్లల విషయంలో మాత్రం ఆ మెత్తని మనిషి మెత్తబడలేదు. మగవాడికి చెప్పిన చదువు ఒక్కడితో ఆగుతుందని, స్త్రీకి చెప్పినది ఇల్లంతా వ్యాపిస్తుందని ఆయన వాదన. అచిమోటాలో బాలురతోపాటు బాలికలూ చదవాలని పట్టుబట్టారు, చదివారు.

1927 జనవరి 28న అచిమోటాకు ప్రారంభోత్సవం జరిగింది. ఆ ఏడే ఆగ్రే పరిశోధన గ్రంథం పూర్తిచేయాలని సెలవు మీద అమెరికా వెళ్లి, జూలై 30న న్యూయార్క్‌లో మెదడు పొరల వాపు జ్వరంతో మరణించారు. వయసు 51. చిన్న కుమారుడు ఏడాది పసివాడు. లివింగ్‌స్టన్ కళాశాల ఉన్న సాలిస్‌బరీ పట్టణంలోనే సమాధి చేశారు.

ఆయన మరణవార్త విని కుమిలిపోయినవారిలో అక్రాలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న క్వామే ఎన్‌క్రూమా అనే యువకుడున్నాడు. ఆగ్రే వెళ్లిన దారినే అమెరికా వెళ్లి చదవాలని నిశ్చయించుకుని, 1935లో బయలుదేరాడు. 1948లో గోల్డ్‌కోస్ట్ విశ్వవిద్యాలయ కళాశాల అచిమోటా భవనాల్లోనే ఆరంభమైంది. 1951లో ఎన్‌క్రూమా ప్రభుత్వం విద్యాభివృద్ధి ప్రణాళిక తెచ్చి, 1952 జనవరి నుండి ప్రాథమిక బడుల్లో ఫీజు తీసేసింది. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. ప్రాథమిక విద్య ఉచితం, నిర్బంధం అని 1961లో చట్టం చేసేనాటికి ఆ శిక్షణ విద్యార్థి దేశాధ్యక్షుడు.