బయటి నిపుణుడా.. సొంత టీమా? విశ్వేశ్వరయ్య జీవితంలో దొరికే జవాబు

పొద్దున్నే సాగర్ రోడ్డు మీద యాచారం బస్టాప్‌లో నిలబడితే ఇబ్రహీంపట్నం కాలేజీలకు వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థులు గుంపులుగా కనిపిస్తారు. పక్క మండలం కందుకూరులోని మీర్‌ఖాన్‌పేట వైపు క్లౌడ్ డేటా సెంటర్లు వచ్చాయి. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అందుకే ఇప్పుడు క్లౌడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఓ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. కంపెనీ తన సర్వర్లు, నెట్‌వర్క్, బ్యాకప్‌ల నిర్వహణను బయటి సంస్థకు ఇచ్చేయాలా, సొంత టీమ్‌తో చేయించుకోవాలా?

కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లో ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడి పనిచేసిన మనిషి ఒకరున్నారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఖైరతాబాద్ చౌరస్తాలో విగ్రహం చూసే ఉంటారు. సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే అని స్టేటస్ కూడా పెట్టే ఉంటారు. అయితే ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఆయన జీవితాన్ని మరో కోణంలో చూడాలి.

ట్యూషన్లు చెప్పుకుని చదువు

విశ్వేశ్వరయ్య పూర్వీకులది బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. ఇంటిపేరు అక్కడి నుంచే వచ్చింది. ఆయన పుట్టింది మాత్రం ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో, 1861లో. తండ్రి సంస్కృత పండితుడు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1881లో బీఏ పూర్తయింది. తర్వాత మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పూనాలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు.

అంటే మొదట ఆయన పూర్తిగా ఇన్-హౌస్ ఉద్యోగే. దాదాపు పాతికేళ్లు అదే శాఖలో చేశారు. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూర్‌కు మంచినీళ్లు ఇవ్వాలి, కానీ ఖరీదైన ఫిల్టర్లకు డబ్బుల్లేవు. నది పక్కనే బావి తవ్వించి, ఇసుకలోంచి సహజంగా వడగట్టుకుని వచ్చే నీటిని తోడించారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో ఆటోమేటిక్ వరద గేట్లు పెట్టించారు. నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లవి. నేటి క్లౌడ్ భాషలో చెప్పాలంటే, లోడ్ పెరగ్గానే తనంతట తాను స్పందించే ఆటో స్కేలింగ్ లాంటిది. ఇంత చేసినా భారతీయుడికి ఆ రోజుల్లో చీఫ్ ఇంజినీర్ కుర్చీ దక్కే దారి లేదు. 1908లో ఉద్యోగం వదిలేశారు.

మూసీ ముంచెత్తితే..

అదే ఏడాది సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. ఒకటి తెగితే దాని కింది చెరువు, అది తెగితే ఆ కిందిది. సిస్టమ్స్ చదివిన వాళ్లు దీన్నే కాస్కేడింగ్ ఫెయిల్యూర్ అంటారు.

అప్పుడు విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పెట్టింది. ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చి పని మొదలుపెట్టి, అక్టోబర్ 1న నివేదిక ఇచ్చారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలి. వరదను అక్కడే పట్టి ఉంచి మెల్లగా వదలాలి. నగరంలో నది గట్లు పటిష్ఠం చేయాలి, మురుగునీటి వ్యవస్థ పెట్టాలి. స్థూలంగా ఆయన ప్లాన్ ఇదీ. ఆ నవంబర్‌లోనే మైసూరు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్లిపోయారు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. కన్సల్టెంట్ హైదరాబాద్‌లో పనిచేసింది కొన్ని నెలలే. ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. మధ్యలో నిజాం మారారు, అధికారులు మారారు. అన్నేళ్లూ నివేదిక పట్టుకుని రాయి మీద రాయి పేర్పించింది రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీర్లే. వారిలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ లాంటి వాళ్లు తర్వాత నిజాంసాగర్ కూడా కట్టి చూపించారు. బయటి నుంచి వచ్చింది డిజైన్. దాన్ని అర్థం చేసుకుని, కట్టి, గేట్ల దగ్గర రాత్రిళ్లు కాపలా కాసే సత్తా మాత్రం ఇక్కడే పెరిగింది. అది పెరగకపోయి ఉంటే నివేదిక బీరువాలో దుమ్ము పట్టేది.

భద్రావతి పాఠం

మైసూరులో ఆయన 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా చేశారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ కట్టేటప్పుడు సిమెంట్‌కు బదులు ఇక్కడే దొరికే సుర్కీ గార వాడారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. ప్రాజెక్టులతో పాటు వాటిని నడిపే మనుషులను కూడా తయారు చేయాలన్నది ఆయన పద్ధతి.

భద్రావతి ఇనుప కర్మాగారంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఉత్పత్తి మొదలైనా నష్టాలు తప్పలేదు. 1923లో ఆ బాధ్యత ఆయనకు అప్పగించారు. పెద్ద జీతాల విదేశీ నిపుణుల మీద ఆధారపడటం తగ్గించి, స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి పెద్ద పనులు అప్పగించారు. 1929లో దిగిపోయే నాటికి కర్మాగారాన్ని గాడిలో పెట్టారు. అలాగని బయటి సలహాకు ఆయన వ్యతిరేకి కాదు. తానే ఎన్నో ఊళ్లకు బయటి సలహాదారు. బయటివాళ్లు వెళ్లిపోయాక పని తెలిసినవాళ్లు మిగలాలి, అంతే. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

మీ ఇంటర్వ్యూకి దీంతో పనేంటి?

చాలా పనే ఉంది. చిన్న కంపెనీకి రోజంతా, రాత్రంతా సర్వర్లు చూసే టీమ్‌ను పెట్టుకోవడం భారం. అలాంటిచోట మేనేజ్డ్ సర్వీస్ సంస్థకు ఇవ్వడం తెలివైన పనే. మైగ్రేషన్, ఆర్కిటెక్చర్ డిజైన్ లాంటి ఒక్కసారి చేసే పనులకూ బయటి నిపుణులు సరిపోతారు. కానీ డేటా ఎవరు చూడొచ్చు, బ్యాకప్ నిజంగా తిరిగి లేస్తుందా, బిల్లు ఎందుకు పెరిగింది అన్నవి ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిసి తీరాలి. క్లౌడ్ కంపెనీల షేర్డ్ రెస్పాన్సిబిలిటీ మోడల్ కూడా ఇదే చెబుతుంది. భవనం, హార్డ్‌వేర్ భద్రత వాళ్లది, మీ డేటా, మీ యాక్సెస్ సెట్టింగ్‌లు మీవి. 2023లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఐటీ ఔట్‌సోర్సింగ్ నిబంధనల్లోనూ సారం అదే. బ్యాంకు పని బయటికి ఇవ్వొచ్చు, బాధ్యత ఇవ్వలేదు.

ఉద్యోగాలు రెండు వైపులా ఉన్నాయి. సర్వీస్ సంస్థలో చేరితే రకరకాల క్లయింట్ల సమస్యలు తక్కువ కాలంలో చూస్తారు. కంపెనీ సొంత టీమ్‌లో చేరితే ఒకే వ్యవస్థను లోతుగా నేర్చుకుంటారు. ఎటు వెళ్లినా లినక్స్, నెట్‌వర్కింగ్, ఒక స్క్రిప్టింగ్ భాష గట్టిగా రావాలి. సర్టిఫికెట్ ఆ తర్వాతే. ఉచిత ఖాతాలో చిన్న సర్వర్ పెట్టండి, బ్యాకప్ తీయండి, సర్వర్‌ను చెరిపేసి మళ్లీ నిలబెట్టండి. ఏ ఆజ్ఞ ఎందుకు ఇచ్చారో నోట్ రాసుకోండి.

విశ్వేశ్వరయ్య తన నివేదిక ఇచ్చి హైదరాబాద్ విడిచి వెళ్లారు. గండిపేట ఇంకా ఉంది, వానాకాలంలో గేట్లు ఎత్తేవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఔట్‌సోర్సింగ్ మంచిదా చెడ్డదా అని తేల్చే ముందు, వరద వచ్చిన రాత్రి గేటు దగ్గర ఎవరుంటారో అడగండి. అక్కడ ఉండగలనని చూపించగలిగినవాళ్లను ఏ కంపెనీ అయినా వెతుక్కుంటుంది.