డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు

జగిత్యాల, కోరుట్లల నుండి ఆర్మూరు మీదుగాను, సిరిసిల్ల నుండి కామారెడ్డి మీదుగాను పోయిన డిచ్‌పల్లి చేరుదుము. ఊరు వెళ్లగొట్టిన వారికి ఇల్లు దొరికిన స్థలమది. అందుకు మూలకారకులు డాక్టరు ఇసబెల్ కెర్ గారు.

వీరు 1875లో స్కాట్లండులో జన్మించిరి. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయమందు వైద్యపట్టము పొంది, ఆ యేడే జార్జి కెర్ దొరగారిని వివాహమాడిరి. 1907లో దంపతులిద్దరు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున నైజాము రాజ్యమునకు వచ్చిరి.

ఆ దినములలో కుష్ఠు సోకిన వారిని అయినవారే ఇంట ఉండనిచ్చెడివారు కారు. రోగము కంటె పాపి అను నింద వారిని ఎక్కువగా బాధించెడిది. కెర్ దంపతులు 1911లో నిజామాబాదునందు వారి కొరకు చికిత్స ఆరంభింపగా, వచ్చువారికి చోటు చాలలేదు. అప్పుడు నర్సాగౌడ్ గారను హిందూ సోదరులు ధనమిచ్చి ఆదుకొనిరి. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసెను. కనికరము మన సంఘములలోనే ఉన్నదని తలంచువారు నర్సాగౌడ్ గారి పేరు మరువరాదు.

అచ్చట చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చెడివారు. ధర్మము చేయుటకు దూరమున నిలిచి పైసా విసరిన చాలును. సూది వేయవలెనన్న రోగి చేయి పట్టుకొనవలెను. ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియుండియు, చేయి చాపి ముట్టెను గదా! 1923లో దంపతులిద్దరికి కైసర్-ఇ-హింద్ పతకము లభించెను. ఇసబెల్ గారు 1932లో ప్రభువునందు నిద్రించిరి.

1980ల నుండి వచ్చిన మిశ్రమ ఔషధములతో ఈ వ్యాధి ఆరు నెలలలో గాని, సంవత్సరములో గాని నయమగుచున్నది. అయినను భర్తకో భార్యకో కుష్ఠు ఉన్నదను కారణమున విడాకులు కోరుటకు మన దేశ చట్టములు 2019 వరకు చోటిచ్చెను. రోగమునకు మందు దొరికిన తరువాత కూడ ఏవగింపు నిలిచియుండెనని దీనివలన తెలియుచున్నది.

ప్రియులారా, ఏవగింపు కుష్ఠుతోనే ఆగదు. కులమును బట్టి చిన్నచూపు చూచిన వారు, పాత తగవును బట్టి పలుకరింపని వారు మన వీధిలోనే, మన ఆరాధనలోనే ఉందురు. వారికి కానుక పంపుట సులభము. ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట కష్టము. కెర్ డాక్టరమ్మ గారు మనకు విడిచిన పని ఆ కష్టమైనదే.