కిర్బీ గీసిన బొమ్మలు, షాపుకి రాని బొమ్మ

అవెంజర్స్ సినిమాలు చూడనివాళ్ళు మన కాలేజీలో తక్కువే. హల్క్, థోర్, ఎక్స్-మెన్, బ్లాక్ పాంథర్, వీళ్ళందరికీ మొదట కాగితం మీద రూపం ఇచ్చిన చెయ్యి ఒక్కటే. స్టాన్ లీ సినిమాల్లో కనబడేవాడు కాబట్టి మనకి తెలుసు. జాక్ కిర్బీ అంటే మాత్రం ఎవరూ అని అడుగుతారు.

అసలు పేరు జేకబ్ కర్ట్జ్‌బర్గ్. 1917లో న్యూయార్క్‌లో, ఆస్ట్రియా నుంచి వలసొచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టాడు. నాన్న బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బొమ్మలు గీయడం చాలామటుకు తనే నేర్చుకున్నాడు. జో సైమన్‌తో కలిసి చేసిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీద హిట్లర్ ముఖానికి గుద్దు పడుతుంది. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు! తర్వాత కిర్బీయే సైనికుడిగా ఫ్రాన్స్ వెళ్ళి, చలికి కాళ్ళు దెబ్బతిని తిరిగొచ్చాడు.

1961 నుంచి లీతో కలిసి మార్వెల్‌కి ఊపిరి పోశాడు. డబ్బు పేజీకింత అని ఇచ్చేవాళ్ళు, పాత్రలు మాత్రం కంపెనీవి. విసిగిపోయి 1970లో డీసీకి వెళ్ళాడు. అక్కడ డార్క్‌సైడ్, ఓరియన్, మిస్టర్ మిరకిల్, అతని భార్య బిగ్ బార్డా పుట్టారు. నాకు ఆయన పనిలో ఇదే ఎక్కువ ఇష్టం. కానీ 'న్యూ గాడ్స్' 11 సంచికలకే, కథ మధ్యలో ఆగిపోయింది.

అసలు విషయం ఇక్కడుంది. 1984లో స్టార్ వార్స్ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీయే డీసీ హీరోలతో 'సూపర్ పవర్స్' అనే బొమ్మలు తెచ్చింది. కాళ్ళు నొక్కితే చేతులు కదిలే రకం. డీసీవాళ్ళు కిర్బీని తన పాత్రలనే ఈ బొమ్మల కోసం కొత్తగా డిజైన్ చెయ్యమన్నారు. అలా చేస్తే ఆయనకి రాయల్టీ ఇవ్వడానికి దారి దొరుకుతుందని. అదే కాలంలో ఆయన మార్వెల్‌తో తన చేత్తో గీసిన పేజీలు వెనక్కివ్వమని పోరాడుతున్నాడు. వేల పేజీలు గీసినవాడికి 1987లో తిరిగొచ్చినవి సుమారు రెండు వేలు. తెలుగులో గీసేదీ బొమ్మే, ఆడుకునేదీ బొమ్మే. ఆయనకి మాత్రం ఆ రెండో బొమ్మే కాస్త న్యాయం చేసింది.

1985లో డార్క్‌సైడ్ వచ్చాడు, 1986లో ఓరియన్, మిస్టర్ మిరకిల్ వచ్చారు. అంతే, లైన్ ఆగిపోయింది. బార్డా రాలేదు. భర్త కంటే బలమైన ఆ బార్డా స్వభావంలో కిర్బీ భార్య రోజ్ పోలికలు ఉన్నాయంటారు. మొత్తం లైన్‌లో ఉన్న ఆడబొమ్మ వండర్ వుమన్ ఒక్కతే.

అందుకే అభిమానులు బార్డాని సొంతంగా చేసుకుంటారు. పాత బొమ్మ ఒకటి తీసుకుని, వేడినీళ్ళలో మెత్తబరిచి తల ఊడదీస్తారు. రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీతో హెల్మెట్, కవచం దిద్దుతారు. గరుకు కాగితంతో రుద్ది, అక్రిలిక్ రంగులు పలచగా పొరలు పొరలుగా వేస్తారు. పక్కన కిర్బీ గీసిన పేజీ పెట్టుకోవాల్సిందే, ఎందుకంటే ఆయన వేసే లావుపాటి నల్ల గీతల్లో ఏది మడతో ఏది నీడో తేల్చుకోవడమే కష్టం. వండర్ వుమన్ ఒళ్ళు వాడితే ఇంకో తంటా, బార్డా మొగుడి కన్నా ఎత్తుండాలి మరి! కాళ్ళు కోసి పొడుగు చెయ్యాలి.

కొందరు అక్కడితో ఆగరు. 1986లో షాపులో వేలాడినట్టే అట్ట డిజైన్ చేసి, ప్రింట్ తీసి, బొమ్మని ప్లాస్టిక్ బుడగలో పెట్టి అతికిస్తారు. కిర్బీ 1994లో పోయాడు. నేను చేస్తే మాత్రం ఆ అట్ట మీద, బార్డా పేరు కింద, ఆయన పేరు కూడా పెద్దక్షరాల్లో వేస్తాను.