తాళపత్ర తపస్వి వేటూరి ప్రభాకరశాస్త్రి

మన పూర్వులు కావ్యాలను తాటాకులపై గంటంతో వ్రాసి, అక్షరాలు కనిపించేటట్లు మసి పూసి, రెండు చెక్కల నడుమ త్రాటితో బిగించి భద్రపరచేవారు. తాటాకునకు ఆయువు కొన్ని వందల ఏండ్లు మాత్రమే. అది శిథిలం కాకముందే మరొకరు మరొక తాటాకుపై ప్రతి వ్రాయవలసి ఉంటుంది. అచ్చుయంత్రం వచ్చిన తరువాత వ్రాయసకాండ్ర వృత్తి సన్నగిల్లింది. అచ్చుకెక్కిన గ్రంథాలు నిలిచాయి. అచ్చుకెక్కనివి అటకలమీద చెదలకు, రామబాణపు పురుగులకు ఆహారమయ్యాయి. తేమ అధికంగా ఉండే డెల్టా గ్రామాలలో ఈ ముప్పు మరీ ఎక్కువ. అటువంటి సంధికాలంలో తెలుగువారి ప్రాచీన వాఙ్మయాన్ని వెదకి, పరిష్కరించి, లోకానికి అందించడమే జీవితకార్యంగా స్వీకరించిన మహనీయులలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7న కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో సుందరశాస్త్రి, శేషమ్మ దంపతులకు జన్మించారు. కృష్ణాతీరంలోని ఆ గ్రామం దుర్గానాగేశ్వరస్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. క్షేత్రయ్యగారి మొవ్వ, భాగవతుల కూచిపూడి దానికి సమీపంలోనివే. పద్యమూ పదమూ పండితుల ఇండ్లకే పరిమితం కాక, జనుల నాలుకలమీద కూడ ఆడుతుండిన సీమ అది. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యరికం ఆయన విద్యకు మెరుగు దిద్దింది. ఆ గురువుగారి శిష్యులు పలువురు స్వతంత్ర కవులుగా కీర్తి గడించారు. ప్రభాకరశాస్త్రిగారికి కూడ ఆ శక్తి కొరవడలేదు. అయినా ఆయన తమ కాలాన్ని అధికంగా ఇతరుల కవిత్వాన్ని బ్రతికించడానికే వెచ్చించారు.

మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో ఆయన దీర్ఘకాలం పనిచేశారు. బ్రౌను దొర సేకరించిన వ్రాతప్రతులు చేరిన భాండాగారం అది. అక్కడి పని తేలికైనది కాదు. వ్రాతప్రతులలో మాటకు మాటకు నడుమ ఎడం ఉండదు. పద్యాలు కూడ పాదాలుగా విడిపోయి కనిపించవు. ఒక లేఖకుడు పొరపాటున వ్రాసినదానిని తరువాతివాడు ఇంకొంత మారుస్తాడు. పలు ప్రతులను దగ్గర పెట్టుకొని, ఛందస్సునూ వ్యాకరణాన్నీ దేశచరిత్రనూ తోడుచేసుకొని, కవి వ్రాసిన మాట ఏదో తేల్చాలి. దీనినే పరిష్కరణం అంటారు. కన్ను ఒక్కటే చాలదు, చెవి కూడ కావాలి.

1918లో వెలువడిన ప్రబంధరత్నావళి ఈ శ్రమకు మంచి నిదర్శనం. పూర్వం పెదపాటి జగన్నాథకవి వంటివారు తమకు నచ్చిన పద్యాలను పెక్కు కావ్యాలనుండి ఏరి సంకలనాలు కూర్చారు. కాలక్రమంలో ఆ కావ్యాలలో కొన్ని నశించాయి. సంకలనంలోని పద్యాలు మాత్రం మిగిలాయి. శాస్త్రిగారు అటువంటి పద్యాలను వేరుచేసి, కవుల పేర్లతో, కావ్యాల పేర్లతో ప్రకటించారు. పూర్తి గ్రంథం దొరకని కవులు కొందరు మనకు ఈనాడు తెలియడానికి ఆ కొద్ది పద్యాలే ఆధారం.

తాటాకులకెక్కని సాహిత్యాన్ని కూడ ఆయన ఉపేక్షించలేదు. సభలలో, సత్రాలలో, పందెాలలో అప్పటికప్పుడు పుట్టి, నోటినుండి నోటికి సాగిన చాటువులకు పరిష్కర్త ఎవరు? వృద్ధులు గతిస్తే వారితోపాటు అవీ పోతాయి. వాటిని సేకరించి చాటుపద్యమణిమంజరిగా వెలువరించడంవల్ల గొప్ప ప్రబంధాలతోపాటు సామాన్యుల హాస్యం, ఆకలి, ఎత్తిపొడుపు కూడ మనకు దక్కాయి. నా దృష్టిలో ఆయన గ్రంథాలన్నింటిలో పాఠకునికి మిక్కిలి చేరువయ్యేది ఇదే.

పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని ఆయన విపులమైన పీఠికతో పరిష్కరించారు. శృంగారశ్రీనాథంలో శ్రీనాథుని జీవితాన్నీ కవిత్వాన్నీ శోధించారు. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుని పేర ఉన్నా, అది శ్రీనాథుని రచనయే అని వాదించారు. ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు; పండితుల చర్చ చాలకాలం సాగింది. అయితే ఆయన చూపిన శైలీసామ్యాలను పరిశీలించకుండా ఆ చర్చలోకి దిగడం ఎవరికీ సాధ్యం కాలేదు.

నడివయస్సులో అనారోగ్యం బాధించగా, ఆయన మాస్టర్ సి.వి.వి. యోగమార్గాన్ని అవలంబించారు.

జీవితపు చివరి దశ తిరుపతిలో గడిచింది. 1939లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆయన పనిచేశారు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో తాళ్ళపాకవారి పదాలు చెక్కిన రాగిరేకులు ఉండేవి. రాగికి చెదల భయం లేదు. అయినా చదివేవారు లేక ఆ పదాలు శతాబ్దాలపాటు మరుగునపడ్డాయి. రేకులపై రాగాల పేర్లు ఉన్నాయే కాని, పాడవలసిన స్వరాలు లేవు. అన్నమాచార్యుడు ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. లభించినవి పదునాలుగువేల వరకు. ఆ రేకులలోని సాహిత్యాన్ని చదివి పరిష్కరించే కార్యంలో శాస్త్రిగారు నిమగ్నులయ్యారు. మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రను 1949లో పీఠికతో ప్రకటించారు. అంతవరకు పెక్కుమందికి పేరుగా మాత్రమే తెలిసిన వాగ్గేయకారునికి దానితో ఒక జీవితకథ ఏర్పడింది.

మరుసటి ఏడు, 1950 ఆగస్టు 29న శాస్త్రిగారు పరమపదించారు. అప్పటికి చదవవలసిన రేకులు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ సంకీర్తనల పరిష్కరణాన్ని కొనసాగించి, కొన్నింటికి స్వరాలు కూర్చారు.