కవికోకిల జాషువ

తెలుగు బడులలో చదువుకొనిన బాలబాలికలలో పెక్కుమందికి సాలీడును, గిజిగాడును పద్యములలోనే మొదట పరిచయమైనవి. మూలన వల పన్నుకొని కూర్చుండు సాలీడులో నేర్పరియైన నేతగానిని, గడ్డిపోచలతో ఊగెడు గూడు కట్టుకొను పిట్టలో గొప్ప శిల్పిని చూపిన కవి గుఱ్ఱం జాషువ. పసిపాపను గూర్చి ఆయన వ్రాసిన పద్యములును పాఠ్యపుస్తకములలో తఱచుగా చోటు చేసికొనినవి. పిల్లలకింత ప్రియమైన ఈ కవి, తన చిన్ననాట తోడిపిల్లలలో ఒకడుగా మెలగుటకు మాత్రము నోచుకొనలేదు.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. వారిరువురును వేఱువేఱు కులములలో పుట్టి క్రైస్తవమతమున నున్నవారు. తల్లి పుట్టిన కులమును ఆనాటి సంఘము అంటరానిదిగా నెంచుచుండెను. వినుకొండ నేడు పల్నాడు జిల్లాలోనిది. ఆ పల్నాటి సీమలోనే 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు నడిపెనని వీరగాథలు చెప్పుచున్నవి. ఏడువందల యేండ్లు గడచిన పిదప గూడ వినుకొండ బడిలో ఒక బాలుడు కులము పేర ఎగతాళికి గుఱియగుట తప్పలేదు. తోడిపిల్లలే కాదు, ఉపాధ్యాయులును వానిని హేళన చేసిరి. అయితే జాషువ తలవంచుకొని ఊరకుండువాడు కాడు, ఎదిరించి నిలిచెడివాడు.

అందఱును అట్టివారే యని తలపరాదు. దీపాల పిచ్చయ్యశాస్త్రి అను బ్రాహ్మణ బాలుడు ఆయనకు ప్రాణస్నేహితుడయ్యెను. ఇతడును తరువాత పేరుపొందిన కవియే. తిరుపతి వేంకటకవులవలె తామును జంటగా కవిత్వము చెప్పవలెనని స్నేహితు లిరువురును ఉవ్విళ్లూరిరి. కాని తమ పేర్లను ముందువెనుకలుగా నెన్నివిధముల జతపఱచి చూచినను ఇంపుగా వినబడకపోవుటచే ఆ యత్నమును మానుకొనిరట! జూపూడి హనుమచ్ఛాస్త్రి అను పండితుడు జాషువను శిష్యునిగా స్వీకరించి కాళిదాసుని రఘువంశ కుమారసంభవములను, మేఘసందేశమును చదివించెను. సంస్కృతవిద్య కొందఱి సొత్తని భావింపబడిన ఆ దినములలో ఇది చిన్న సాహసము కాదు. ఈ మేఘసందేశపు చదువు ఊరకపోలేదు. దాని ఫలము తరువాత తెలియగలదు.

జీవనోపాధికై జాషువగారు చేయని పనిలేదనవచ్చును. మొదట మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా నుండిరి. ఆ కొలువు పోయిన పిదప రాజమహేంద్రవరము చేరి 1915, 1916 సంవత్సరములలో సినిమా వాచకులుగా పనిచేసిరి. నాటి సినిమాలకు మాటలు లేవు. తెరపై బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను బిగ్గఱగా చదివి వినిపించుటయే వాచకుని పని. పిమ్మట గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేండ్లు బోధించిరి. స్వయంకృషితో ఉభయభాషాప్రవీణులై 1928 మొదలు 1942 వఱకు తెలుగు పండితులుగా నుండిరి.

కవిత్వము మాత్రము ఏ కొలువులోను ఆగలేదు. అయినను కవికి గౌరవము దొరకుట కష్టమయ్యెను. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభయందు ఆయన తన పద్యములను చదువగా, అంటరానివానిని సభలోనికి రానిచ్చుట యేమని కొందఱు కోపించిరి. పద్యము విని పరవశించినవారే కులమేమని యడిగి, తెలిసికొని, మాఱుమాటాడక లేచిపోయిన సందర్భములు గలవు. ఆ గాయమును ఆయన పద్యములలోనే చెప్పుకొనిరి. ఇటు చూడగా, హిందూ దేవతల కథలను కావ్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ మతపెద్దలును ఆయనను నిరసించి సంఘమునుండి వెలివేసిరి. రెండు ఇండ్లకు చుట్టమైన వానికి రెండు వాకిళ్లును మూసినట్లయినది.

అట్టివాడు 1932లో కావ్యవస్తువుగా పారసీక కవి ఫిరదౌసి కథను ఎన్నుకొనుట ఆశ్చర్యము గాదు. షానామా రచించినచో పద్యమునకొక బంగారు నాణెమిత్తునని గజినీ మహమ్మదు మాట యిచ్చెనట. కవి అనేక సంవత్సరములు శ్రమించి గ్రంథము ముగించిన పిదప సుల్తాను బంగారమునకు మాఱుగా వెండి పంపెను. కవి దానిని తిరస్కరించెను. తుదకు సుల్తాను పశ్చాత్తాపపడి బంగారము పంపునప్పటికి కవి శవము శ్మశానమునకు తరలిపోవుచుండెను. కవికి రావలసిన గౌరవము వేళకు రాకున్న నేమగునో ఈ కథ చెప్పుచున్నది. జాషువగారి పేరు తెలుగునాట నెల్లెడల వ్యాపించుటకు ఈ ‘ఫిరదౌసి’ ముఖ్యకారణము.

1941లో వెలువడిన ‘గబ్బిలము’ అంతకంటె గొప్పది. హనుమచ్ఛాస్త్రి చదివించిన మేఘసందేశము ఇందు క్రొత్తరూపు దాల్చినది. కాళిదాసుని యక్షుడు మేఘముచేత ప్రియురాలికి కబురంపెను. జాషువగారి నాయకుడు ఊరివెలుపలి గుడిసెలో ఆకలితో నున్న నిఱుపేద. అతనికి గుడిలో ప్రవేశము లేదు. రాత్రివేళ ఇంటిలోనికి వచ్చిన గబ్బిలమునకు మాత్రము ఏ గుడిలోను అడ్డులేదు. కనుక తన మొఱను కాశీ విశ్వనాథుని చెవిని వేయుమని దానిని వేడుకొనును. మేఘమును దూతగా పంపిన కవుల ననుసరించి హంసను, చిలుకను పంపినవారు మనకు గలరు; అశుభమని జనులు చీదరించుకొను గబ్బిలమును పంపుట ఆ యనుభవము గలవానికే తోచెను.

పండితసభలలో ఈ తర్జనభర్జనలు సాగుచుండగనే పల్లెలలో మఱియొకటి జరుగుచుండెను. హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనునందు నటులు జాషువగారి శ్మశానవాటి పద్యములను రాగయుక్తముగా పాడసాగిరి. పెదకూరపాడువంటి పల్లెలలో నాటకమాడిన రాత్రి తెల్లవార్లు మేల్కొని ఆ పద్యములకు ‘వన్సుమోరు’ కొట్టిన రైతులలో ఎందఱికి కవి పేరు తెలిసియుండును? తెలియకున్నను పద్యము మాత్రము వారికి కంఠస్థమయ్యెను. పందిరిక్రింద కవి కులము నెవ్వరును అడుగలేదు.

పండితలోకపు గౌరవము చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి చేతిమీదుగా లభించెను. తిరుపతి వేంకటకవులలో ఒకరైన శాస్త్రిగారు జాషువగారికంటె 25 ఏండ్లు పెద్దవారు. ఆనాటి కవులలో అనేకులకు గురుతుల్యులు. గండపెండేరమనగా మహాకవి పాదమునకు తొడుగు ఆభరణము. కృష్ణదేవరాయలు పెద్దనామాత్యుని కాలికి స్వహస్తములతో దానిని తొడిగెనని ప్రతీతి. అట్టి గండపెండేరమును వేంకటశాస్త్రిగారు జాషువగారి కాలికి తొడిగిరి. వృద్ధుడైన బ్రాహ్మణ పండితుడు, తాకరాదని లోకము చెప్పిన పాదమును చేతులతో పట్టుకొని అలంకరించిన ఆ క్షణము తెలుగు సాహిత్యచరిత్రలో మఱపురానిది. వినుకొండ సభలో కోపించినవారికి ఇంతకు మించిన సమాధానము లేదు.

ఆ పిదప సమ్మానములు వరుసగా వచ్చినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ మొదలగు బిరుదులు లభించినవి. 1957 నుండి 1959 వఱకు ఆయన మదరాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండిరి. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులైరి. ఆ సంవత్సరమే ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. వెలివేసిన సంఘమునకు ఆరాధ్యుడైన ప్రభువు చరిత్రమే ఆయనకు ఆ కీర్తిని తెచ్చుట గమనింపదగినది. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును, భారత ప్రభుత్వము పద్మభూషణమును ఇచ్చినవి. ఫిరదౌసివలె గాక, ఆయన వీనిని తన కన్నులతో చూచుకొనగలిగిరి. కాని అనుభవించిన కాలము స్వల్పము. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో ఆయన కన్నుమూసిరి. కుమార్తె హేమలత లవణం జోగినీ దురాచార నిర్మూలనకును, స్టువార్టుపురమునందలి నేరస్థుల పరివర్తనకును పాటుపడి ప్రఖ్యాతిగాంచెను.

1986లో హైదరాబాదున హుస్సేను సాగరపు గట్టుమీద ప్రభుత్వము తెలుగు మహనీయుల విగ్రహములను ముప్పదికి పైగా నెలకొల్పెను. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, శ్రీనాథుడు, పోతన, వేమన నిలిచిన ఆ వరుసలో వినుకొండ బాలుడును నిలిచెను. చాపకూడు నడిపిన పల్నాటి బ్రహ్మనాయుడును ఆ గట్టుమీదనే యున్నాడు.