మూడు రోజులు.. మూడు స్టేషన్లు.. 26 తుపాకులు!

అల్లూరి సీతారామరాజు అనగానే మీకు విల్లంబులు, కాషాయ బట్టలు గుర్తొస్తాయి. సినిమాలు చూసి పెరిగాం కదా! గ్రూప్స్‌కో, లా ఎంట్రన్స్‌కో ప్రిపేరవుతుంటే మాత్రం ఆ కథను ఇంకోవైపు నుంచి కూడా చదవండి. తుపాకీ పట్టే హక్కు ఎవరిది? ఆయన జీవితం ఈ ప్రశ్న దగ్గరికే తీసుకెళ్తుంది.

సీతారామరాజు 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. సొంతూరు భీమవరం దగ్గరి మోగల్లు. నాన్న వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్. చిన్నప్పుడే నాన్న పోయారు. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం, తుని.. ఇలా ఊళ్లు మారుతూ సాగిన చదువు మధ్యలోనే ఆగింది. సర్టిఫికెట్ల లెక్కన చూస్తే ఆయన రెజ్యూమె అర పేజీ కూడా నిండదు.

మన్యంలో అప్పటి పరిస్థితి చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనులతో సరైన కూలి లేకుండా చాకిరీ చేయించాడు. ఎదురు తిరుగుదామంటే చేతిలో ఏముంది? లార్డ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాల్సిందే. యూరోపియన్లకేమో దశాబ్దాల పాటు మినహాయింపు! అడిగితే వచ్చేది కాదు కాబట్టి, ఉన్నచోటికే వెళ్లారు రాజు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికొచ్చాయి. తీసుకెళ్లిన వాటి వివరాలు స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్లారు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. తర్వాత మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. 1924 మే 7న కొయ్యూరులో రాజును విచారణ లేకుండానే కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 27 నిండలేదు.

మరి స్వరాజ్యం వచ్చాక? 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కూ ఉంది. రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ దాన్ని చేర్చమన్నారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు: పౌరులందరికీ ఇస్తే నేరస్థులూ అదే హక్కు అడుగుతారన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. 19వ అధికరణ సమావేశమయ్యే హక్కును కూడా ఆయుధాలు లేకుండా అన్న షరతుతోనే ఇచ్చింది. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీకి లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. అదే అమెరికాలో 2008 హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అది వ్యక్తిగత హక్కేనని తేల్చింది.

రాజు తిరగబడిన చట్టం రూపం మారింది, లైసెన్సు మాత్రం మిగిలింది. తేడా ఎక్కడుందంటారా? అప్పుడు ఆ చట్టం చేసినవాళ్లను మన్యం ఎన్నుకోలేదు. 1952లో ఆయన అనుచరుడు గాం మల్లుదొర లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇంటర్వ్యూలో అల్లూరి గురించి అడిగితే విల్లంబుల దగ్గర ఆగకుండా ఇక్కడి దాకా చెప్పండి.